టోపీ, హెచ్

కంప్యూటర్లు బాగుచేసేవాడికి ఓపిక ఎక్కువని జనం అనుకుంటారు. అదంతా ఉత్త మాట. యంత్రం ముందు అణచుకున్న కోపం ఎక్కడికీ పోదు, ఫోను మోగేదాకా కాచుకుని కూర్చుంటుంది. ఎత్తి హలో అనగానే అవతలి మనిషి మీద పడుతుంది. నా హలో వినగానే మా ఆవిడ పక్క గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటుంది. ఆ తలుపు చప్పుడు వినబడినప్పుడైనా గొంతు తగ్గించుకోవాలన్న జ్ఞానం నాకు చాలాకాలం రాలేదు.

పద్మారావు నగర్‌లో మా డాబా మీది గదిలో కూర్చుని, రాంగోపాల్‌పేట్‌లోని పది పన్నెండు దుకాణాల కంప్యూటర్లు చూస్తుంటాను. చాలావరకు ఇక్కణ్ణించే. నా కంప్యూటర్లోంచి వాళ్ళ కంప్యూటర్లోకి లాగిన్ అయితే చాలు, బండి తీసి ట్రాఫిక్‌లో పడే పని లేదు. ఆ దుకాణాల్లో ఒకటి బేరింగుల షాపు. దాని స్టాకు ప్రోగ్రాము పదేళ్ళ కింద నేనే రాశాను. నల్ల తెర, తెల్ల అక్షరాలు, అంతే. మౌసుతో పనే లేదు. యజమానిది గోదావరి జిల్లా. షాపు పెట్టింది వాళ్ళ నాన్నగారు. నడుస్తున్నదాన్ని ఈయన మార్చనివ్వడు, మార్చే ఓపిక నాకూ లేదు.

ఆ నల్ల తెరలో రోజూ వివరాలు కొట్టేది అక్క. నాకు బంధుత్వమేమీ లేదు, అందరం అలాగే పిలుస్తాం. బోయిగూడలో ఉంటుంది. చిన్నప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఇంగ్లీషూ, తెలుగూ రెండూ నేర్చుకుని, లోయరూ హయ్యరూ పాసైన మనిషి. షాపులో కంప్యూటర్ ఉండేది మెట్లెక్కి పోయే అటక లాంటి గదిలో. మోకాళ్ళ ఆపరేషన్ అయ్యాక ఆ మెట్లు ఆవిడ వల్ల కాలేదు. అందుకని వాళ్ళింట్లోనే ఒక కంప్యూటర్ పెట్టాను. కౌంటర్ మీది వాళ్ళు చీటీలు రాసి, ఫోటో తీసి ఆవిడ ఫోనుకి పంపుతారు. ఆవిడ ఇంటినుంచే షాపు కంప్యూటర్లోకి లాగిన్ అయి, బేరింగు నంబరు, అది ఏ అరలో ఉంది, ఎన్ని ఉన్నాయి అన్నది కొడుతుంది. ఆఖర్న రిమార్కులకి ఒక గడి ఉంటుంది. దాంట్లో రాసేదేమీ ఉండదు, అయినా పెట్టాను.

పోయిన ఎండాకాలంలో ఆవిడ కంప్యూటర్ చచ్చిపోయింది. ఒక సెకండ్ హ్యాండ్‌ది తెచ్చి పెట్టి వచ్చాను. రెండో రోజే ఫోను. అప్పుడు నా ముందు పళ్ళెంలో అన్నం, ఇంకో ఫోనులో ఇంకో షాపువాడు, వాడి ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం.

"తమ్మీ, జెర చూడు. ఎనక్కి కొట్టినప్పుడల్లా తెర మీద టోపీ పడ్తుంది."

"టోపీ ఏందక్కా?"

"గదే, ఇంటి కప్పు లెక్క చిన్న టోపీ. దాని పక్కన హెచ్. టోపీ, హెచ్. ఎన్నిసార్లు కొడితే గన్ని."

విషయం నాకు వెంటనే తెలిసింది. ఇలా దూరంనుంచి లాగిన్ అయి పనిచేసేటప్పుడు మధ్యలో రెండు యంత్రాలుంటాయి. చెరిపే మీట నొక్కితే ఇవతలి యంత్రం అవతలికి ఒక సంకేతం పంపుతుంది. ఆ సంకేతం ఏదన్నది అందరికీ ఒకటే అయితే నాకు పని తగ్గేది. కొన్ని ఒకటి పంపుతాయి, కొన్ని ఇంకోటి. రెండువైపులా పొత్తు కుదరకపోతే, అవతలి యంత్రం చెరపడం మాని, ఇదీ ఒక అక్షరమే కాబోలనుకుని లోపల రాసుకుంటుంది. తెర మీద దాన్నే టోపీ, హెచ్ అని చూపిస్తుంది. ఆవిడ వైపు సెట్టింగుల్లో, ఏ సంకేతం పంపాలో ఎంచే చుక్కని ఇక్కణ్ణించి అక్కడికి మారిస్తే సరిపోతుంది.

ఆ చుక్క ఎక్కడుందో ఫోనులో చెప్పాను. ఆవిడకి కనబడలేదు. మళ్ళీ చెప్పాను. వేరే కిటికీ తెరుచుకుంది. మూడోసారి చెప్పేటప్పటికి నా గొంతు నాకే వినబడుతోంది. పక్క గది తలుపు పడింది.

"ఉండక్కా, నువ్వేం ముట్టకు," అని కసిరి, నేనే షాపు కంప్యూటర్లోకి లాగిన్ అయి ఒక వరస రాసి పడేశాను. ఇలాంటి గుర్తులేవీ తెర మీద చూపించవద్దని దానర్థం. చెరపడం నేర్పే వరస కాదది. గుర్తుని దాచే వరస. ఆ తేడా నాకు తెలుసు. తెలిసీ, తరవాత చూద్దాంలే అనుకున్నాను.

"ఇప్పుడు?"

"టోపీ పోయింది తమ్మీ."

"ఎనక్కి పోతుందా?"

"పోతుంది. అచ్చం మిషన్ లెక్కనే పోతుంది. మంచిగుంది."

నాకు కావలసింది ఆ మంచిగుంది అన్న ముక్కే. మిగతా మాట చెవికెక్కలేదు. ఫోను పెట్టేసి, చల్లారిన అన్నం తిని చేతులు దులుపుకున్నాను.

మూడు వారాలకి కౌంటర్ నుంచి గోల మొదలైంది. 6205 బేరింగు కావాలని గిరాకీ వస్తే, వాళ్ళు కంప్యూటర్లో వెతుకుతారు. కంప్యూటర్ లేదంటుంది. "చేతిల పట్టుకొని నిలబడ్డ సార్. మీ డబ్బా లేదంటది," అన్నాడు కౌంటర్ మీది పెద్దాయన. నేను ఇంట్లోంచి లాగిన్ అయి వెతికాను. నాకూ లేదన్నది. సరే అని మొత్తం జాబితా తెర మీద పోయించాను. అందులో 6205 నిక్షేపంలా ఉంది. అర నంబరుతో సహా. మళ్ళీ వెతికాను. లేదు. జాబితా చూశాను. ఉంది.

ఇది ఎంత తిక్క పుట్టించే సంగతో అనుభవించినవాడికే తెలియాలి. కళ్ళెదుట ఉన్నదాన్ని యంత్రం మర్యాదగా లేదంటుంది. అదీ అన్ని నంబర్లకీ కాదు. ఒకటి దొరుకుతుంది, దాని కిందది దొరకదు, ఆ కిందవి నాలుగు దొరుకుతాయి. నంబరుకి ముందో వెనకో ఖాళీ ఉందేమోనని చూశాను, లేదు. భాష సెట్టింగు మార్చాను. టెర్మినల్ రకం ఇదీ అని చెప్పే పేరొకటి ఉంటుంది, అదీ మార్చాను. మార్చినందుకు తెర కింద సగం గజిబిజి అయింది, మళ్ళీ పాతదే పెట్టాను. నేను కొత్తగా ఒక నంబరు కొట్టి, కావాలని తప్పు కొట్టి, చెరిపి, సరిగ్గా కొట్టి వెతికితే ఠక్కున దొరికేది. నా దగ్గర అన్నీ బాగానే ఉన్నాయి. అంటే లోపం ఆవిడ దగ్గరే ఉంది. అలా తేల్చుకోవడానికి నాకు అరగంట కూడా పట్టలేదు.

అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. పాత టైపు మిషన్లలో కొన్నింటికి ఒకటి అంకె మీట ఉండేది కాదు. చిన్న ఎల్ కొట్టేవారు, చూపుకి ఒకటిలాగే ఉంటుంది కనక. సున్నాకి బదులు ఓ కూడా కొట్టేవారు. ఇన్‌స్టిట్యూట్ అలవాటు ఎక్కడికి పోతుంది? వెంటనే ఫోను చేశాను.

"అక్కా, ఒకటికి ఎల్ కొడుతున్నవా?"

"లేదు తమ్మీ. ఆ అలవాటు ఎప్పుడో పోయింది."

"పోలేదేమో చూసుకో. జాబితాల కనబడుతుంది, వెతికితే దొరకది. ఇంకేముంటది మరి?"

"నేను ఒకటికి ఒకటే కొడుతున్న."

"6205ల ఒకటి అంకెనే లేదు గదా" అని ఆవిడ అనలేదు. అంటే బాగుండేది. ఆ మాత్రం సంగతి నాకే తట్టలేదు. తట్టినా ఒప్పుకునే స్థితిలో లేను. కీబోర్డు పాతదైపోయిందన్నాను. కొత్తది కొని పంపాను. దాని మీటలు గట్టిగా ఉన్నాయని, వేళ్ళు గుంజుతున్నాయని ఆవిడ చెప్తే, మెల్లగా కొట్టమన్నాను. కళ్ళు చూపించుకోమన్నాను. "సరే తమ్మీ," అన్నది.

గురువారం యజమాని ఫోను చేశాడు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు, అదే నాకు భయం.

"చూడండీ, శనివారం కొట్లో సరుకంతా చూసుకుంటున్నాం. అప్పటికి ఇది తేలిపోవాలండి. గిరాకీ వెనక్కెళ్ళిపోతోంది. ఆవిడకి చూపు ఆనట్లేదేమో, వయసు మీద పడింది కదా. ఇంకెవర్నన్నా చూసుకుందాం."

"చూస్తాను సార్."

"తేలకపోతే ఆ మాట ఆవిడకి మీరే చెప్పాలండోయ్. ఇన్నేళ్ళు చేసిన మనిషి, నాకు మొహం చెల్లదు."

ఫోను పెట్టేశాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. మెట్లెక్కలేని మనిషికి ఇంట్లో కూర్చుని చేసే పని ఇంకెవరిస్తారు? ఆ టైపు చదువు పట్టుకుని ఈ వయసులో ఏ దుకాణం గడప ఎక్కుతుంది? ఇదంతా నాకు తెలుసు. అయినా ఒప్పుకోవాలి, ఆవిడ కళ్ళదే తప్పని సగం నేనూ నమ్మాను. నమ్మితే నా పని అయిపోతుంది మరి.

శుక్రవారం పొద్దున, ఇంకేం చెయ్యాలో తోచక, చిన్నపిల్లలు లెక్కపెట్టినట్టు ఆ నంబర్లో అక్షరాలెన్నో చెప్పమని యంత్రాన్ని అడిగాను. 6205. నాలుగంకెలు. ఆరక్షరాలు అన్నది.

మళ్ళీ అడిగాను. ఆరే.

దాచిపెట్టకుండా ప్రతి అక్షరాన్నీ చూపించే ఎడిటర్ ఒకటుంది. దాంట్లో ఆ ఫైలు తెరిచాను. 6206, తరవాత టోపీ, హెచ్, తరవాత 5. ఆవిడ ముందు ఆరు కొట్టింది. ఒకడుగు వెనక్కి వచ్చింది. దాని మీద ఐదు కొట్టింది. తెర మీద ఆరు పోయి ఐదు పడింది, చూసేవాళ్ళకి 6205. యంత్రం మాత్రం మూడింటినీ లోపల దాచుకుంది. జాబితా తెర మీద పోయించినప్పుడు కూడా అది అలాగే వెనక్కి అడుగేసి, ఆరు మీద ఐదు వేసి నా కళ్ళకి చూపించింది. వెతికేటప్పుడు కళ్ళతో పని లేదు కనక లేదన్నది. అది అబద్ధం చెప్పలేదు.

ఆ టోపీ కనబడి ఉంటే, ఆవిడ రోజూ ఫోను చేసి ఉండేది. రోజూ కసిరినా, ఒకరోజు పోయి ఆ చుక్క మార్చేవాణ్ణి. టోపీని తెర మీద కనబడకుండా చేసినవాణ్ణి నేనే. టోపీ తీసేశాననుకుని షాపంతటికీ టోపీ పెట్టాను.

ఫైలు మొదటినుంచీ చదివాను. చదవకుండా సరిచేసే దారి ఉంది, అయినా చదివాను. ఈ నాలుగైదు వారాల్లో ఆవిడ ఎక్కడెక్కడ తప్పు కొట్టిందో, ఎక్కడ వెనక్కొచ్చి దిద్దుకుందో, అంతా ఉంది. దిద్దని తప్పు వెతికితే రెండు దొరికాయి. నేను కొట్టిన ఫైలు ఇంత బాగుంటుందని చెప్పలేను.

తరవాత రిమార్కుల గడులకి వచ్చాను. తెర మీద అవన్నీ ఖాళీగా కనబడేవి. ఎడిటర్లో ఖాళీగా లేవు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. అక్క ఆ మాటలు కొట్టి, తరవాత ఎన్ని అక్షరాలుంటే అన్ని టోపీ హెచ్‌లతో వెనక్కి వచ్చి, వాటి మీద వరసగా ఖాళీలు కొట్టి మాటల్ని కప్పేసింది. చెరిగిపోయాయనుకుంది.

ఒకచోట: ఇయ్యాల మోకాలు బాగ గుంజుతుంది.

ఇంకోచోట: ఇది ఐదా ఆరా. తమ్మిని అడిగితే గుస్స చేస్తడు. కౌంటర్ల అడుగుత.

నేను ఫోను చేసి ఎల్ గురించి గద్దించిన రోజు, ఒకే గడిలో రెండుసార్లు: నేను ఎల్ కొట్టలేదు. నేను ఎల్ కొట్టలేదు.

సిగ్గేసింది. ఎవరూ లేని గదిలో కూర్చుని సిగ్గుపడడం అంతకుముందు నాకు తెలియదు. మా ఆవిడ కాఫీ తెచ్చి, "ఎవరు పోయారు?" అని అడిగింది నా మొహం చూసి. ఎవరూ పోలేదని చెప్పాను.

ఆ టోపీ హెచ్‌లన్నీ, వాటి కింద మిగిలిపోయిన అక్షరాలతో సహా తీసేసే చిన్న ప్రోగ్రాము రాసి నడిపించాను. గడులు నిజంగానే ఖాళీ అయ్యాయి. 6205 వెతికాను, దొరికింది. మధ్యాహ్నం షాపుకి పోయి, యజమానితో తప్పు నాదని చెప్పాను. ఏ తప్పో ఆయనకి సగమే అర్థమైంది.

"అయితే ఆవిడ వల్ల పొరపాటేం లేదంటారా?"

"రెండున్నాయి సార్. మిగతావన్నీ నావే."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "మరి ఆ మాటా మీరే చెప్పండి ఆవిడకి," అన్నాడు. శనివారం పొద్దున్నే బోయిగూడ పోయాను. వీధిలో బండి పెట్టుకోవడానికి పావుగంట పట్టింది, ఎవరి మీదా అరవలేదు.

అక్క నన్ను చూసి కంగారు పడింది. నేను ఇంటికి వస్తే ఏదో ఒకటి పాడైనట్టే లెక్క ఆవిడకి. కుర్చీ లాగింది, చాయ్ పెడతానన్నది.

"చాయ్ తరవాత అక్కా. తప్పు నాది. నువ్వు ఎల్ కొట్టలే. నీ కండ్లు మంచిగనే ఉన్నయి. ఊకెనే నిన్ను పరేషాన్ చేసిన."

నేను సెట్టింగుల్లోకి పోయి ఆ చుక్క మార్చాను. చాయ్ నీళ్ళు మరిగేంతసేపు కూడా పట్టని పని. మళ్ళీ లాగిన్ అయి, కీబోర్డు ఆవిడ ముందుకి జరిపాను. 6206 కొట్టి వెనక మీట నొక్కింది. ఆరు మాయమైంది. వేలు గాల్లోనే ఆగిపోయింది.

"చెరుగుతుంది తమ్మీ."

"ముందు చెరగట్లేదని నాకెందుకు చెప్పలే అక్కా?"

"చెప్పిన గద. మిషన్ లెక్కనే పోతుందని. మిషన్ల చెరుగుతదా? ఒక్కడుగు ఎనక్కి పోతం, మీద కొడతం. తెలుగు మిషన్ల ఒత్తులకు సుత గంతే కద, ఎనక్కి జరిగి కింద కొట్టేది. మంచిగ అలవాటున్న పనే అనుకున్న."

మిషన్. నాకు మిషన్ అంటే కంప్యూటర్. టైపు నేర్చుకున్నవాళ్ళకి మిషన్ అంటే ఒక్కటే. ఆ రోజు ఫోనులో ఆవిడ యంత్రానికున్న జబ్బు పేరు ఉన్నదున్నట్టు చెప్పింది. నేను నా పనికిచ్చిన సర్టిఫికెట్ అనుకుని జేబులో వేసుకున్నాను.

ఆవిడ ఇంకా తెర వంకే చూస్తోంది. మెల్లగా అడిగింది.

"మరి మీద ఖాళీలు కొట్టి తీసేసినయి? గవి పోయినయా, పోలేదా?"

"పోలే అక్కా. అన్నీ లోపల్నే ఉండె. నిన్న తీసేసిన."

"తీసేటప్పుడు చదివినవా?"

లేదనడం ఎంతసేపు! గడులు ఖాళీ అయిపోయాయి, సాక్ష్యం లేదు.

"చదివిన," అన్నాను.

ఆవిడ కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడితే నాకు తేలికయ్యేది. ఆవిడ తన ఫోను తీసి, అప్పుడే కౌంటర్ నుంచి వచ్చిన చీటీ ఫోటో తెరిచి నా ముందు పెట్టింది.

"అయితే ఇప్పుడు చెప్పు. ఇది ఐదా, ఆరా?"

ఫోటోని పెద్దది చేశాను. చిన్నది చేశాను. ఫోను తిప్పి వెలుతుర్లో పెట్టి చూశాను.

"నాకు సుత తెలుస్తలేదు అక్కా."

"కౌంటర్ల అడుగు మరి."

ఆవిడ ఫోనులోంచే చేశాను. అవతల పెద్దాయన ఎత్తాడు. ఆవిడే అనుకుని, నేను నోరు తెరిచేలోగానే అందుకున్నాడు. "ఏందమ్మా పొద్దున్నే షురూ చేసినవ్? ఐదు, ఐదు! రోజూ ఎన్నిసార్లు చెప్పాలె నీకు? కండ్లు కనబడ్తలేవా?"

గది చిన్నది. ఆయన గొంతు గదంతా వినబడింది. అక్క తల ఎత్తలేదు, వేళ్ళు మీటల మీద పెట్టుకుని అంకె కోసం చూస్తోంది.

"ఐదు అక్కా," అన్నాను.

ఐదు కొట్టింది.